వాటర్ కూలింగ్ పీసీలో ఫ్యాన్లు ఏ టెంపరేచర్‌ని చూసి తిరగాలి? విశాఖ ఎండలకి సరిపడే లెక్క

మీ ప్రశ్న సారాంశం ఇది. ఎంవీపీ కాలనీలో మూడో అంతస్తు ఫ్లాట్. రైజెన్ 9 7900ఎక్స్ ప్రాసెసర్ (సీపీయూ), ఆర్టీఎక్స్ 3080 గ్రాఫిక్స్ కార్డు, రెండూ ఒకే లూప్‌లో, అంటే నీళ్ళు తిరిగే ఒకే గొట్టాల చుట్టులో. క్యాబినెట్ ముందు 360 మిల్లీమీటర్ల రేడియేటర్, పైన 240 రేడియేటర్, నీళ్ళు తిప్పడానికి డీ5 పంపు. పని బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో రెండరింగ్ (బొమ్మల ఫ్రేములు తయారు చేయడం). జనవరిలో బిగించినప్పుడు ఫుల్ లోడ్‌లో సీపీయూ 80 డిగ్రీల దగ్గర ఆగేది, ఇప్పుడు మే నెలలో 92 చూపిస్తోంది. పైగా బ్రౌజర్ తెరిస్తే చాలు, ఫ్యాన్లు హోరుమని లేచి నాలుగు సెకన్లకే పడిపోతున్నాయి. మూడో రేడియేటర్ కొనాలా, చిప్పు మీద రాసే థర్మల్ పేస్ట్ మార్చాలా, ఏసీ గదిలోకి మార్చాలా అని అడిగారు.

ప్రస్తుతానికి ఒక చిన్న సెన్సర్ తప్ప ఏమీ కొనకండి. మీ లూప్ పాడైందనడానికి మీరు రాసిన దాంట్లో ఆధారం ఏమీ కనబడలేదు. ఫ్యాన్లు చూడాల్సిన టెంపరేచర్ ఒకటైతే, చూస్తున్నది ఇంకొకటి. అదొక్కటి సరిచేస్తే రొద పోతుంది. 92 ఎందుకు వచ్చిందో కూడా మీకే అర్థమవుతుంది.

ఫ్యాన్లు రేడియేటర్ మీద ఉన్నాయి, రేడియేటర్‌లో ఉన్నవి నీళ్ళు. కాబట్టి ఫ్యాన్ చల్లబరిచేది నీళ్ళని మాత్రమే. చిప్పుని చల్లబరిచే పని నీళ్ళది. ఎయిర్ కూలర్ వాడినప్పుడు ఫ్యాన్‌ని సీపీయూ టెంపరేచర్‌కి కట్టడం సబబే, ఎందుకంటే ఆ ఫ్యాన్ గాలి నేరుగా సీపీయూ మీదున్న హీట్‌సింక్‌కే తగులుతుంది. మదర్‌బోర్డులు అన్నీ ఆ అలవాటుతోనే వస్తాయి. వాటర్ కూలింగ్ బిగించినా ఆ సెట్టింగ్ అలాగే ఉండిపోతుంది, మీ దగ్గర జరిగింది అదే.

చిప్పు టెంపరేచర్ ఎంత వేగంగా మారుతుందో మీరు చూస్తూనే ఉన్నారు. ఒక కోర్‌కి పని పడగానే సెకను తిరక్కుండానే 45 నుంచి 70కి ఎగురుతుంది, పని అయిపోగానే కిందికి వస్తుంది. నీళ్ళు అలా కాదు. ఒక లీటరు నీళ్ళు ఒక్క డిగ్రీ వేడెక్కడానికి సుమారు 4,186 జౌళ్ళు కావాలి. రెండర్ నడిచేటప్పుడు మీ సీపీయూ 200 వాట్ల దాకా, కార్డు 320 వాట్ల దాకా తీసుకుంటాయనుకుందాం, మొత్తం 520. లూప్‌లో లీటరు నీళ్ళుంటే, రేడియేటర్ ఏ మాత్రం పని చేయకపోయినా, ఒక్క డిగ్రీ పెరగడానికి 8 సెకన్లు పడుతుంది. రేడియేటర్ పని చేస్తుంది కాబట్టి నిజంగా ఇంకా నెమ్మదిగా పెరుగుతుంది, ఒకచోట స్థిరపడేసరికి పావుగంటో ఇరవై నిమిషాలో అవుతుంది. మరి బ్రౌజర్ తెరిచిన రెండు సెకన్ల కోసం ఫ్యాన్లు నిమిషానికి 1,800 చుట్లకి లేస్తే ఏం లాభం? ఆ రెండు సెకన్లలో నీళ్ళు పావు డిగ్రీ కూడా మారవు. ఫ్యాన్ లేచేలోపే చిప్పు దానంతటదే చల్లారిపోతుంది. మీరు విన్నది ఉత్త మోతే.

ఇప్పుడు 92 సంగతి. దీన్ని ఒకే అంకెగా చూస్తే కంగారే మిగులుతుంది. దాన్ని మూడు ముక్కలు చేయండి: గదిలో గాలి ఎంత, నీళ్ళు గాలికంటే ఎంత ఎక్కువ, చిప్పు నీళ్ళకంటే ఎంత ఎక్కువ. గాలికీ నీళ్ళకీ మధ్య ఉన్నది మొదటి తేడా. అది రేడియేటర్, ఫ్యాన్లు, దుమ్ము, మొత్తం వాట్లు వీటి మీద ఆధారపడుతుంది. నీళ్ళకీ చిప్పుకీ మధ్య ఉన్నది రెండో తేడా. అది బ్లాక్ (చిప్పు మీద కూర్చుని వేడిని నీళ్ళకి ఇచ్చే లోహపు ముక్క), పేస్ట్, బిగింపు, నీళ్ళ ప్రవాహం, ఆ చిప్పు తీసుకునే వాట్లు వీటి మీద ఆధారపడుతుంది. ఫ్యాన్ ఎంత తిప్పినా రెండో తేడా తగ్గదు.

మీలాంటి లూప్‌లో అంకెలు సుమారుగా ఇలా ఉంటాయి. జనవరి రాత్రి గది 22, నీళ్ళు 32, సీపీయూ 80. మే మధ్యాహ్నం గది 34, నీళ్ళు 44, సీపీయూ 92. రెండుసార్లూ మొదటి తేడా 10, రెండో తేడా 48. మెషీన్‌లో ఏమీ మారలేదు, గది 12 డిగ్రీలు పెరిగింది, ఆ 12 మొత్తం వరసగా పైదాకా ఎక్కింది. మీవి నిజంగా ఈ అంకెలే అని నేననడం లేదు, కొలిస్తే తప్ప తెలియదు. కానీ మీ 80కీ 92కీ మధ్య తేడా, మన ఊళ్ళో చలికాలపు రాత్రికీ మే నెల మధ్యాహ్నానికీ గదుల్లో ఉండే తేడా, రెండూ దాదాపు ఒకటే అన్నది గమనించండి. మీరు పేస్ట్ మార్చేసి ఉంటే ఒక ఆదివారం పోయేది, అంకె అక్కడే ఉండేది.

నీళ్ళ సెన్సర్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, మిగతా అంతా దీని మీదే నిలబడుతుంది. కొనాల్సింది 10 కిలో ఓమ్‌ల ఎన్‌టీసీ థర్మిస్టర్ (వేడిని బట్టి నిరోధం మారే సెన్సర్), జీ 1/4 థ్రెడ్ (వాటర్ కూలింగ్ పోర్టులకి ఉండే మర కొలత) ఉన్న ప్లగ్ రూపంలో దొరుకుతుంది. రేడియేటర్‌కో రిజర్వాయర్‌కో (నీళ్ళ తొట్టెకో) వాడకుండా వదిలేసిన పోర్టు ఒకటి ఉంటుంది కదా, దాని మూత తీసి ఇది బిగించడమే. దాన్నుంచి రెండు పిన్నుల వైరు వస్తుంది. ఆసుస్ బోర్డుల్లో చాలావాటికి టీ-సెన్సర్ అని, గిగాబైట్ బోర్డుల్లో ఈసీ-టెంప్ అని రాసిన రెండు పిన్నుల హెడర్ (వైరు గుచ్చే చోటు) ఉంటుంది, అందులో గుచ్చాలి. అన్ని మోడళ్ళకీ ఉండదు, కాబట్టి కొనేముందు మీ బోర్డు మాన్యువల్ తెరిచి చూడండి. హెడర్ లేకపోతే సెన్సర్ పోర్టులున్న ఫ్యాన్ కంట్రోలర్ విడిగా తీసుకోవాలి. ఆక్వాకంప్యూటర్ వాళ్ళ క్వాడ్రో, ఆక్టో, కోర్సెయిర్ వాళ్ళ కమాండర్ ప్రో ఈ పని చేస్తాయి. ద్వారకానగర్, డాబాగార్డెన్స్ షాపుల్లో ఈ సెన్సర్ అడిగితే చాలాసార్లు గది టెంపరేచర్ చూపించే చిన్న డిస్‌ప్లే మీటర్ చేతిలో పెడతారు. అది బోర్డుకి ఏమీ చెప్పదు, వద్దు. ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడమే నయం.

లూప్‌లో ఏ చోట పెట్టాలని చాలామంది తలలు బాదుకుంటారు. అంత అవసరం లేదు. గంటకి 200 లీటర్ల ప్రవాహం ఉంటే, 520 వాట్లు మొత్తం మోసుకుపోయేటప్పుడు లూప్‌లో అతి వేడి చోటుకీ అతి చల్లని చోటుకీ తేడా రెండు డిగ్రీల పైచిలుకు, అంతే. ఎప్పుడూ ఒకేచోట కొలుస్తున్నారా లేదా అన్నదే ముఖ్యం. నేనైతే రేడియేటర్‌లోకి నీళ్ళు వెళ్ళే వైపు పెడతాను, అక్కడ కాస్త ఎక్కువ చూపిస్తుంది, ఆ ఎక్కువ వైపే మొగ్గడం మంచిది.

రెండో సెన్సర్ గాలి కోసం. వైరు చివర చిన్న పూసలా ఉండే మామూలు థర్మిస్టర్ చాలు. ముందు రేడియేటర్ గాలి పీల్చుకునే ముఖం ఎదురుగా, లోహానికి తగలకుండా, రెండు వేళ్ళ దూరంలో కట్టండి. గోడ మీద గడియారంలో చూపించే గది టెంపరేచర్‌ని నమ్మొద్దు. టేబుల్ కింద, గోడకి ఆనించి పెట్టిన క్యాబినెట్ తను వదిలిన వేడిగాలినే మళ్ళీ పీల్చుకుంటుంది, అక్కడ గాలి మీ గడియారం చెప్పేదానికంటే మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువ ఉండడం మామూలే. మొదటి తేడా లెక్కకి రేడియేటర్ పీల్చే గాలే కావాలి.

రెండూ బిగించాక వాటిని సరిచూడడానికి ఒక మంచి పద్ధతి ఉంది. రాత్రంతా మెషీన్ ఆపేసి, ఏసీ వేయని గదిలో వదిలేయండి. పొద్దున్న ఆన్ చేసిన వెంటనే బయోస్‌లోకి (విండోస్ రాకముందే వచ్చే బోర్డు సెట్టింగుల తెరలోకి) వెళ్ళి చూడండి. అప్పటికి నీళ్ళూ గాలీ ఒకే టెంపరేచర్‌లో ఉంటాయి, కాబట్టి రెండు సెన్సర్లూ ఒకే అంకె చూపించాలి. ఒకటి 29.5, ఇంకొకటి 30.5 అంటే ఆ ఒక డిగ్రీ సెన్సర్ల లోపం, రాసిపెట్టుకుని ఇకమీదట లెక్కలో తీసేయండి. రెండింటికీ నాలుగైదు డిగ్రీల తేడా ఉంటే ఒకటి పనికిరానిది. మల్టీమీటర్ ఉంటే వైరు పీకి ఓమ్‌లు కొలవండి: 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్‌లు, 32 డిగ్రీల గదిలో ఏడున్నర కిలో ఓమ్‌ల చుట్టూ రావాలి.

ఇక కర్వ్, అంటే ఏ టెంపరేచర్‌కి ఫ్యాన్లు ఎంత వేగంతో తిరగాలో చెప్పే పట్టిక. ఇంటర్నెట్‌లో దొరికే కర్వ్‌లని దించేసుకోవద్దు. వాటిలో చాలావరకు 20, 22 డిగ్రీల గదుల్లో కూర్చుని రాసినవి. నీళ్ళు 35 దాటగానే ఫ్యాన్లు నూరు శాతం అని ఉంటుంది. మన దగ్గర మే నెలలో మెషీన్ ఖాళీగా ఉన్నా నీళ్ళు 36, 37 దగ్గరుంటాయి. ఆ కర్వ్ పెడితే పొద్దున్నుంచి రాత్రిదాకా ఫ్యాన్లు ఊపిరాడకుండా తిరుగుతూనే ఉంటాయి, నీళ్ళు మాత్రం గది టెంపరేచర్ కిందికి ఎన్నటికీ దిగవు. అందుకే మన ఊరికి తేడా మీద నడిచే కర్వ్ కావాలి: నీళ్ళలోంచి గాలిని తీసేయగా వచ్చే అంకె. తేడా 4 డిగ్రీల లోపుంటే ఫ్యాన్లు 30 శాతం. 8కి 45 శాతం. 11కి 65. 14 దాటితే నూరు. జనవరికీ మేకీ ఇదే కర్వ్ పని చేస్తుంది, సీజన్ మారినప్పుడల్లా ముట్టుకోనక్కర్లేదు.

ఈ శాతాలు మీ ఫ్యాన్లని బట్టి సవరించుకోవాలి. ఒక రెండర్ పెట్టి, ఫ్యాన్లని 800 దగ్గర కదలకుండా ఉంచి ఇరవై నిమిషాలయ్యాక మొదటి తేడా రాసుకోండి. తర్వాత 1,100, తర్వాత 1,400, తర్వాత 1,800. మామూలుగా 800 నుంచి 1,100కి వెళ్ళినప్పుడు బాగా తగ్గుతుంది, 1,400 దాటాక దక్కేది ఒకటి రెండు డిగ్రీలే. కానీ చప్పుడు అలా కాదు. వేగం ఒకటిన్నర రెట్లయితే చప్పుడు సుమారు 9 డెసిబెళ్ళు పెరుగుతుంది, ఫ్యాన్ తినే కరెంటు మూడు రెట్లు దాటుతుంది. ఒక్క డిగ్రీ కోసం అంత మోత భరించడం దండగ. మీ కొలతల్లో లాభం ఎక్కడ ఆగిపోయిందో చూసుకుని, 14 డిగ్రీల లోపు ఆ వేగం దాటనివ్వకండి. నూరు శాతం అనేది ఆపద కోసం ఉంచుకోవాలి.

అతి తక్కువ వేగం కూడా చూసుకోవాలి. నాలుగు పిన్నుల పీడబ్ల్యూఎం (సిగ్నల్‌తో వేగం మార్చే) ఫ్యాన్లలో కొన్ని 20 శాతం కింద ఆగిపోతాయి, కొన్ని ఆగవు. తిరుగుతున్న ఫ్యాన్‌కి సరిపోయే సిగ్నల్, ఆగిన ఫ్యాన్‌ని కదిలించడానికి సరిపోకపోవచ్చు. లైనక్స్‌లో పీడబ్ల్యూఎం-కాన్ఫిగ్ అనే టూల్ ఒక్కో ఫ్యాన్‌కి ఈ రెండు అంకెలనీ విడివిడిగా కొలుస్తుంది. విండోస్‌లో చేత్తో తగ్గిస్తూ చూసుకోవాలి. 30 శాతం దగ్గర అన్నీ నిదానంగా తిరుగుతుంటే చాలు, ఆపేయాలనే ఆలోచన వద్దు. వాటర్ కూలింగ్‌లో సీపీయూ మీద ఫ్యాన్ ఉండదు కాబట్టి సాకెట్ (సీపీయూ కూర్చునే చోటు) చుట్టూ గాలి ఆడదు. మదర్‌బోర్డు పవర్ విభాగం, దాని పక్కన బిగించిన ఎన్‌వీఎంఈ డ్రైవ్ (స్టోరేజీ) ఉడికిపోతుంటాయి, సీపీయూ అంకె చూసుకుని మురిసిపోయేవాళ్ళకి ఇవి కనబడవు. ఆ కాస్త గాలి వాటి కోసమే. హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే మానిటరింగ్ ప్రోగ్రామ్‌లో ఆ రెండు అంకెలని కూడా ఒక కంట కనిపెట్టండి.

ఐదు ఫ్యాన్లని ఒకే హెడర్‌కి స్ప్లిటర్‌తో కట్టారని రాశారు. ఒక హెడర్ మామూలుగా ఒక ఆంపియర్ వరకే ఇస్తుంది. ఫ్యాన్ల వెనక స్టిక్కర్ మీద ఆంపియర్లు రాసి ఉంటాయి, ఐదూ కూడి చూడండి. దాటితే పవర్ సప్లై నుంచి వచ్చే సాటా పవర్ తీసుకునే హబ్ పెట్టండి, అప్పుడు హెడర్‌నుంచి సిగ్నల్ మాత్రమే వెళుతుంది. ఇంకో సంగతి, స్ప్లిటర్ అయినా హబ్ అయినా బోర్డుకి ఒక్క ఫ్యాన్ వేగమే చేరుతుంది. మిగతా నాలుగింటిలో ఒకటి ఆగిపోయినా తెరమీద అంకె మారదు. అందుకే మొదటి తేడా మీద కన్నేయమంటున్నాను, ఫ్యాన్ ఆగితే అది పెరిగి పట్టిచ్చేస్తుంది.

కర్వ్ ఎక్కడ రాయాలన్నదాని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. సాఫ్ట్‌వేర్ ఎంత బాగున్నా, విండోస్ లాగిన్ అయ్యేదాకా అది ఉండదు, విండోస్ కొయ్యబారితే అదీ కొయ్యబారుతుంది. రాత్రి రెండర్ పెట్టి పడుకున్నప్పుడు అప్‌డేట్ వచ్చి రీస్టార్ట్ అయి లాక్ స్క్రీన్ దగ్గర ఆగిందనుకోండి, ఫ్యాన్లకి దిక్కెవరు? కాబట్టి ముందు బయోస్‌లో, సోర్స్‌ని సీపీయూ నుంచి టీ-సెన్సర్‌కి మార్చి, మామూలు నీళ్ళ టెంపరేచర్ మీద ఒక కర్వ్ రాయండి. 36కి 30 శాతం, 40కి 45, 44కి 65, 48కి నూరు. ఇది పునాది. దీని మీద తేడా కర్వ్‌ని సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకోండి. ఫ్యాన్‌కంట్రోల్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో రెండు సెన్సర్లని కలిపి, ఒకదాన్నుంచి ఇంకొకటి తీసేసి కొత్త సెన్సర్ తయారు చేసుకోవచ్చు. విడి కంట్రోలర్ కొన్నవాళ్ళకి ఈ ఇబ్బందే ఉండదు. కర్వ్ కంట్రోలర్‌లోనే నిలిచి ఉంటుంది, కంప్యూటర్ ఏమైనా అది తన పని తాను చేసుకుపోతుంది.

పాత ఫ్యాన్ ప్రోగ్రామ్‌లు వాడే విన్‌రింగ్0 అనే డ్రైవర్‌ని (సెన్సర్లు చదవడానికి వాడేది) 2025 నుంచి విండోస్ డిఫెండర్ (విండోస్‌తో వచ్చే యాంటీవైరస్) ప్రమాదకరమని పట్టుకుంటోంది. ఆ డ్రైవర్‌లో లోపం ఉన్న మాట నిజం, కాబట్టి డిఫెండర్‌ని ఆపేసి నడపమనే సలహాలు వినొద్దు, ప్రోగ్రామ్ కొత్త వెర్షన్ వేసుకోండి. రెండు మూడు మానిటరింగ్ ప్రోగ్రామ్‌లు ఒకేసారి నడిపినా చిక్కే. అన్నీ ఒకే చిప్పుని అడుగుతాయి, మధ్యలో తప్పుడు అంకెలొస్తాయి. ఏ సెన్సరూ లేని ఖాళీ ఇన్‌పుట్లకి 127 అనో మైనస్ 60 అనో చూపించడం కూడా ఉంది, మీరు పంపిన ఫొటోలో ఆక్స్ అని రాసి 127 ఉన్నది అలాంటిదే, దాన్ని పట్టించుకోకండి.

లైనక్స్‌లో రెండర్ చేస్తారని కూడా రాశారు. అక్కడ సెన్సర్లు కనబడడానికి ఎల్‌ఎం-సెన్సర్స్ వేసి, సెన్సర్స్-డిటెక్ట్ నడిపితే చాలాసార్లు సరిపోతుంది. రోజువారీ వాడకానికి కూలర్‌కంట్రోల్ అనే ప్రోగ్రామ్ తేలిక. ఇందాకటి విండోస్ ప్రోగ్రామ్ పేరే ఉన్న, లైనక్స్ పాత ఫ్యాన్‌కంట్రోల్ స్క్రిప్టుతో ఒక జాగ్రత్త: రీబూట్ అయినప్పుడు సెన్సర్ చిప్పుల వరస సంఖ్యలు మారిపోవచ్చు, అప్పుడు ఆ స్క్రిప్టు మొదలవడానికే ఒప్పుకోదు. రీబూట్ చేసి అది నడుస్తోందో లేదో చూశాకే నమ్మండి.

థర్మిస్టర్ వైరు ఊడిపోతే ఏమవుతుందో ఆలోచించారా? చల్లబడే కొద్దీ దాని నిరోధం పెరుగుతుంది. వైరు ఊడితే నిరోధం అనంతం, అంటే బోర్డు దృష్టిలో నీళ్ళు మైనస్ 40 డిగ్రీలు. ఫ్యాన్లు హాయిగా 30 శాతానికి దిగిపోతాయి, లోపల నీళ్ళు మరిగే దారి పడతాయి. కర్వ్ రాసిన రోజే మెషీన్ ఖాళీగా ఉన్నప్పుడు ఆ వైరుని మీరే పీకి చూడండి. ఫ్యాన్లు పూర్తి వేగానికి వెళితే మంచిది. వెళ్ళకపోతే, నీళ్ళ కర్వ్‌తో పాటు సీపీయూ 94 దాటి అక్కడే నిలబడితే నూరు శాతం అనే రెండో కర్వ్ రాసి, రెండింటిలో ఏది ఎక్కువైతే దాన్ని తీసుకోమని పెట్టండి. ఫ్యాన్‌కంట్రోల్‌లో అది కుదురుతుంది. ఈ రెండో కర్వ్‌కి పది పన్నెండు సెకన్ల ఆలస్యం పెట్టడం మరిచిపోకండి, లేదంటే పాత హోరే మళ్ళీ మొదలవుతుంది.

పంపుని ఏ టెంపరేచర్‌కీ కట్టొద్దు. ఒక వేగం ఎంచుకుని అక్కడే వదిలేయండి. డీ5 పంపు పూర్తి వేగం 4,800, దాన్ని 60, 70 శాతం దగ్గర ఉంచితే చప్పుడు వినబడదు, ప్రవాహానికి లోటుండదు. వేగం పెంచితే రెండో తేడా ఒక డిగ్రీ తగ్గుతుందేమో. కానీ ప్రవాహం బాగా పడిపోతే మాత్రం కథ మారుతుంది. గంటకి 40 లీటర్లకి దిగితే ఇందాక రెండు డిగ్రీలన్న తేడా 11 అవుతుంది, అప్పుడు సెన్సర్ ఎక్కడుందన్నది కూడా లెక్కకొస్తుంది. పంపు నుంచి వచ్చే వేగం వైరుని సీపీయూ ఫ్యాన్ హెడర్‌కి ఇవ్వండి. పంపు తిరగకపోతే బోర్డు బూట్ దగ్గరే ఆపి చెబుతుంది. పంపుకి కరెంటు మాత్రం పవర్ సప్లై నుంచే ఉండాలి. నీళ్ళు 50 చేరితే మెషీన్ దానంతటదే ఆగిపోయేలా అలారం పెట్టుకోండి. డీ5 పంపుకి పరిమితి 60, మీవి పీఈటీజీ ప్లాస్టిక్ గొట్టాలైతే అవీ ఆ వేడిలో మెత్తబడతాయి.

ఇక మన ఊరి గాలి. ఉక్కపోత వల్ల రేడియేటర్ సరిగా పని చేయదని కొందరంటారు. అది నిజం కాదు. ఒంటికి చెమట ఆరకపోవడం వల్ల మనకి ఉక్కగా ఉంటుంది, రేడియేటర్‌కి చెమట పట్టదు. దానికి కావలసింది గాలి ఎంత వేడిగా ఉందన్నది మాత్రమే. ఉక్కపోత చేసే చెడు వేరు. ఎంవీపీ కాలనీ, లాసన్స్ బే, పెదవాల్తేరు, బీచ్ రోడ్డు ప్రాంతాల్లో ఉప్పుగాలి, తేమ, దుమ్ము కలిసి రేడియేటర్ రెక్కల మీద ముద్దలా అతుక్కుంటాయి. పొడి దుమ్మయితే బ్లోయర్‌కి ఎగిరిపోతుంది, ఇది కదలదు, మెత్తటి బ్రష్ వాడాల్సిందే. పోర్టు వైపు, వన్ టౌన్, జ్ఞానాపురం చుట్టుపక్కల దానికి బొగ్గు పొడి తోడవుతుంది. అటువైపు ఒక ఫొటో స్టూడియోలో మెషీన్ చూశాను, పైనుంచి చూస్తే ఫిల్టర్ శుభ్రంగానే ఉంది. ఫ్యాన్లు విప్పి, రేడియేటర్ వెనక టార్చి పెట్టి చూస్తే మూడో వంతు చోట వెలుగు ఇవతలికి రావడం లేదు. వాళ్ళు అప్పటికే పేస్ట్ రెండుసార్లు మార్పించుకున్నారు. రెండో తేడా ఎప్పటిలాగే ఉంది, పెరిగింది మొదటిది. ఆ ఒక్క అంకె ముందే చూసుంటే పేస్ట్ జోలికి పోయేవాళ్ళు కాదు.

అందుకని శుభ్రం చేసిన రోజున ఒక రెండర్ పెట్టి, ఫ్యాన్లు 1,100 దగ్గర నిలిపి, మొదటి తేడా, రెండో తేడా రాసి క్యాబినెట్ లోపలి తలుపుకి అంటించండి. నెలకోసారి అదే రెండర్, అదే వేగం. మొదటి తేడా మూడు డిగ్రీలు పెరిగితే రేడియేటర్ విప్పే సమయం వచ్చినట్టు. రెండోది పెరిగితే బ్లాక్‌లో చెత్త చేరిందో, పేస్ట్ ఎండిందో, ప్రవాహం తగ్గిందో చూడాలి. కార్డు విషయంలో హాట్‌స్పాట్ (చిప్పులో అతి వేడి చోటు) అంకెకీ మామూలు అంకెకీ మధ్య దూరం కూడా రాయండి, 10 నుంచి 15 మామూలు, 25 దాటితే బ్లాక్ సమంగా కూర్చోలేదు. 3080లో ఉండే మెమరీకి పరిమితి 110, అది వంద దాటకుండా చూసుకోండి. ఫ్యాన్ కనెక్టర్లు విప్పినప్పుడు పిన్నుల మీద ఆకుపచ్చ పొర కనబడితే అది ఉప్పుగాలి పని. ఫ్యాన్ వేగం ఉన్నట్టుండి సున్నా చూపించి మళ్ళీ మామూలు కావడం చాలాసార్లు దీనివల్లే. పవర్ ఆపి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఆరాక పెట్టండి.

ఏసీ గది గురించి. ఏసీ వేస్తే గది ఎన్ని డిగ్రీలు తగ్గితే సీపీయూ అన్ని డిగ్రీలు తగ్గుతుంది, అందులో సందేహం లేదు. కానీ మన దగ్గర ఒక ప్రమాదం ఉంది. గాలి 32 డిగ్రీలు, తేమ 75 శాతం ఉన్న రోజున మంచు బిందువు 27 డిగ్రీలు. అంటే 27 కంటే చల్లగా ఉన్న ఏ వస్తువు మీదైనా నీళ్ళు పడతాయి. రాత్రంతా 22లో ఏసీ నడిచిన గదిలో ఆపేసి ఉంచిన మెషీన్ లోహమంతా 22, 23లో ఉంటుంది. పొద్దున్నే ఏసీ కట్టేసి బాల్కనీ తలుపు తీశారంటే, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి పట్టినట్టు కార్డు వెనక ప్లేటు మీద, రేడియేటర్ మీద చెమ్మ పడుతుంది. ఆ సమయంలో స్విచ్ వేయకండి. తలుపు తీసిన పొద్దున ఒక గంట ఆగండి, లేదా మెషీన్ ఆన్ చేసి నీళ్ళు వెచ్చబడ్డాకే తలుపు తీయండి. నడుస్తున్న లూప్‌కి ఈ భయం లేదు, నీళ్ళు ఎప్పుడూ గదికంటే వెచ్చగానే ఉంటాయి కనుక. రిజర్వాయర్ పక్కన ఐసు పెట్టడం, చిల్లర్ కలపడం లాంటివి మాత్రం విశాఖలో చేయవద్దు, 27 కిందికి దిగిన బ్లాక్ సరిగ్గా సాకెట్ మీదే కారుతుంది.

చివరిగా ఆ 92 ప్రమాదమా అన్నది. 7900ఎక్స్‌కి పరిమితి 95. ఈ తరం రైజెన్ ప్రాసెసర్లని ఏఎండీ 95 దాకా వెళ్ళి అక్కడ పనిచేసేలానే తయారు చేసింది. చిప్పు పాడవదు, 95 తగిలాక వేగం కొంచెం తగ్గించుకుంటుంది. అయినా మే నెలంతా మూడు డిగ్రీల దూరంలో నడపడం మీకు ఇష్టం లేకపోతే, రేడియేటర్ కొనే బదులు బయోస్‌లో ఎకో మోడ్ (సీపీయూ తీసుకునే వాట్లకి పరిమితి పెట్టే సెట్టింగ్) 105 వాట్లు ఎంచుకోండి. ఆ 105 పేరుకే, నిజానికి అప్పుడు సాకెట్ పవర్ 142 వాట్లకి కట్టుబడుతుంది. 200 వాట్ల దగ్గర 48 ఉన్న రెండో తేడా 142 దగ్గర 34 అవుతుంది. నీళ్ళు కూడా ఒక డిగ్రీ తగ్గి 43 దగ్గరుంటాయి, సీపీయూ 77 చూపిస్తుంది. మూడో రేడియేటర్ పెడితే తగ్గేది మొదటి తేడాలో మాత్రమే, ఉన్న 10లో మహా అయితే మూడు డిగ్రీలు. రెండర్ సమయంలో ఎకో మోడ్ వల్ల పోయేది తక్కువ, ముందు ఒక ఫ్రేమ్ అలా, ఒక ఫ్రేమ్ ఇలా నడిపి మీరే పోల్చుకోండి. సెన్సర్ వచ్చాక గది, నీళ్ళు, సీపీయూ, కార్డు, ఈ నాలుగు అంకెలు ఇరవై నిమిషాల లోడ్ తర్వాత తీసి ఇక్కడ పెట్టండి, ఫ్యాన్ వేగం ఎంతో కూడా రాయండి. వాటిని చూస్తే బ్లాక్ విప్పాల్సిన అవసరం ఉందో లేదో చెప్పగలను.